సేవకు కొలబద్ద యేది?

వేసవి వచ్చినదనగానే తెలుగు పట్టణములలో చలివేంద్రములు వెలయును. తాటాకు పందిరి, ఇసుకలో నిలిపిన కుండలు, వాటిపై తడిగుడ్డ, చేత గ్లాసుతో నిలిచిన యొక మనిషి. దాహము గొన్న బాటసారికి ఇంతకంటె వలసినది లేదు. అయితే నేడు ఆ పందిరి ముందు, కుండలకంటె ఎంతో పెద్దదిగా, ఒక ఫ్లెక్సీ కట్టబడి యుండును. దానిపై సంఘము పేరు, అధ్యక్షుని చిత్రము, కార్యదర్శి చిత్రము, దాత చిత్రము. ప్రారంభోత్సవమునాడు పెద్దలందరును తమ చేతులతో నీరు పోయుదురు. పది దినములు గడచిన పిదప ఆ కుండలలో నీరున్నదా లేదా యని చూచువారు కొన్ని చోట్ల నుందురు. కొన్ని చోట్ల నుండరు. రెండు చోట్లను పందిరి ఒకటియే, పేరుపలకయు ఒకటియే. భేదమెక్కడ నున్నదో విచారింపవలసి యున్నది.

రోటరీ, లయన్స్, జేసీస్ మొదలగు క్లబ్బులును, వాటిని చూచి ఊరూర వెలసిన యువజన సంఘములును, మహిళా మండలులును చేయుచున్న పని తక్కువది కాదు. కంటి శిబిరములు, రక్తదానము, బడిపిల్లలకు పుస్తకములు, తుపాను బాధితులకు వంటపాత్రలు, శ్మశానమునకు ప్రహరీగోడ మొదలగు పనులలో ప్రభుత్వపు చూపు సోకని మూలలను ఇవి చూచుచున్నవి. అయినను వీటిని గూర్చి పెద్దలలో ఒక అనుమానము ఎప్పుడును కలదు. తరచు విందు, మెడలో పతకము, కోటుకు బిళ్ల, పత్రికలో చిత్రము; ఇంత ఆడంబరము నడుమ జరుగునది సేవయా, లేక సేవ పేర జరుగు స్వప్రతిష్ఠయా? ఇది అసూయాపరుల ప్రశ్న యని త్రోసివేయదగినది కాదు. పదిమందికి పెట్టుట ధర్మమని నమ్ము ప్రతి కుటుంబమును వేసికొనవలసిన ప్రశ్న ఇది.

క్లబ్బుల పుట్టుక

ఈ క్లబ్బుల చరిత్రయే ఇట్టి ప్రశ్నతో ముడిపడి యున్నది. 1905 ఫిబ్రవరి 23న అమెరికా దేశమందలి చికాగో నగరములో పాల్ హారిస్ అను న్యాయవాది మరి ముగ్గురు మిత్రులతో కూడి రోటరీ క్లబ్బును నెలకొల్పెను. మహానగరములో ఒంటరులైన వృత్తివంతులకు స్నేహము కలుగవలెననియు, సభ్యులు ఒకరి వ్యాపారమునకు మరియొకరు తోడుపడవలెననియు ఆనాటి తలంపు. సమావేశములు వంతుల వారీగా సభ్యుల కార్యాలయములలో జరుగుచుండుటచే ఆ పేరు వచ్చెను. సభ్యుల మధ్య ఎంత బేరము సాగినదో లెక్క వ్రాయుటకు తొలిదినములలో ఒక పదవియే యుండెను. 1906లో డొనాల్డ్ కార్టర్ అను మరియొక న్యాయవాదిని చేరుమని పిలువగా, తన సభ్యులకు తప్ప మరెవ్వరికిని మేలు చేయని సంఘము ఎక్కువ కాలము నిలువదని చెప్పి ఆయన నిరాకరించెను. సభ్యులు కోపగించుకొనలేదు, అట్లయిన నియమావళిని మార్చుటకు నీవే రమ్మని ఆహ్వానించిరి. ఆ విధముగా పురజనుల సేవ ఆశయములలో చేరెను. 1907లో చికాగో నగరమందు ప్రజల కొరకు మరుగుదొడ్లు కట్టించవలెనని చేసిన ఉద్యమము ఆ క్లబ్బు తొలి సేవాకార్యములలో నొకటి.

1917లో అదే నగరములో బీమా వ్యాపారియగు మెల్విన్ జోన్స్, వ్యాపారుల సంఘములు తమ లాభమును దాటి చూడవలెనని పూనుకొనగా లయన్స్ క్లబ్బులు ఏర్పడెను. ఆ యేడు అక్టోబరులో డల్లాస్ నగరమున జరిగిన వారి మహాసభలో, ఏ క్లబ్బును సభ్యుల ధనలాభమును తన ఆశయముగా చూపరాదని నియమము చేసికొనిరి. భారతదేశమునకు రోటరీ 1920 నాటికి కలకత్తా ద్వారమునను, లయన్స్ 1956లో బొంబాయి ద్వారమునను వచ్చి క్రమముగా తాలూకా కేంద్రముల వరకు వ్యాపించినవి.

ఈ చరిత్రలో గమనింపదగిన దొకటి కలదు. విత్తనము స్వార్థముతో కలిసియే పడినది. అయినను నీడనిచ్చు చెట్టు మొలిచినది. కనుక మూలమును మాత్రము చూచి తీర్పు చెప్పుట తగదు.

రెండు వాదములు

సేవాసంఘములను గూర్చి లోకములో రెండు వాదములు వినబడును. భావశుద్ధి లేని సేవ వ్యాపారమే యనునది మొదటి వాదము. పేరు కొరకు పెట్టిన అన్నము అన్నము కాదనియు, అది పేరును కొనుటకు చెల్లించిన వెల యనియు వీరందురు. ఆకలి గొన్నవాడు పెట్టినవాని మనస్సును పరీక్షింపడనునది రెండవ వాదము. దాత కీర్తిని కోరిననేమి, పుణ్యమును కోరిననేమి, తినువాని కడుపు నిండిన చాలునని వీరి మాట.

మొదటి వాదములో సత్యము కలదు. దానితోపాటు ఒక చిక్కును కలదు. ఒకని హృదయములో ఏమున్నదో మరియొకడు చూడలేడు. తన హృదయములో ఏమున్నదో తానే సంపూర్ణముగా ఎరుగని వారెందరో కలరు. భావము పరిశుద్ధమైన పిదపనే చేయి చాపవలెనన్నచో ఆకలి గొన్నవాడు అంతవరకు ఆగలేడు. అంతేగాక, ఏమియు పెట్టనివానికి ఈ వాదము మంచి నెపమగును. పెట్టువారి ఆడంబరమును విమర్శించుచు తాను అరుగుమీద కూర్చుండి కాలము గడపవచ్చును.

రెండవ వాదము ఒక పూట భోజనమునకు సరిపోవును. కాని సేవలో అధికభాగము ఒక పూటతో ముగియునది కాదు. మొక్క నాటుట ఒక గడియ పని. పశువుల వాతబడకుండ రెండు వేసవులు దానికి నీరు పోయుట అసలు పని. చేతిపంపు వేయుట ఒక దినపు పని. అది చెడినప్పుడు బాగుచేయువాడెవడో ముందే నిర్ణయించుట అసలు పని. ఇట్టి పనులలో దాత కోరిక ఏమిటో ఫలమును తాకక మానదు. చిత్రము కొరకు వచ్చినవాని పని చిత్రము తీయుటతో ముగియును. బాధ తీరుట కొరకు వచ్చినవాని పని బాధ తీరినప్పుడే ముగియును. భావము కంటికి కనబడదు, నిజమే. కాని పని ఎక్కడ ఆగినదో కంటికి కనబడును. సేవకు కొలబద్ద అక్కడ దొరకును.

చూపు లెక్క

1925 జూన్ 30న అమెరికాలోని సీడార్ పాయింట్ అను చోట జరిగిన లయన్స్ మహాసభలో, చూపును వినికిడిని పసితనముననే కోల్పోయిన హెలెన్ కెల్లర్ ప్రసంగించి, అంధుల పక్షమున నిలువుడని వారిని కోరెను. నాటినుండి కంటిసేవ ఆ క్లబ్బుల ముఖ్యకార్యమయ్యెను. 1930లో పియోరియా పట్టణపు లయన్ ఒకడు, నల్లని చేతికర్రతో వీధి దాటలేక తడబడుచున్న అంధుని చూచెను. ఆ నలుపు వాహనములు నడుపువారి కంటికి ఆనుట లేదని గ్రహించెను. కర్రకు తెల్లరంగు వేసి ఇచ్చుట, ఆ కర్ర కనబడినచోట వాహనములు ఆగవలెనని ఆ పట్టణములో నియమము చేయించుట దాని ఫలితములు. చేయి పట్టుకొని ఒకసారి దాటించుటయు మంచిపనియే. కాని కర్రకు వేసిన రంగు అంధుని ప్రతిదినము దాటించును. దాటించినవాడు ప్రక్కన నుండవలసిన పని లేదు. పుచ్చుకొన్నవానిని తన కాళ్లపై నిలుపు సేవకు ఇది చక్కని యుదాహరణము.

దీనికి ప్రక్కనే శుక్లముల శస్త్రచికిత్స చరిత్రను ఉంచి చూడవలెను. ఒకప్పుడు ఈ దేశములో బడిగదులలోను సత్రములలోను బల్లలు వేసి శిబిరములు జరుపుచుండిరి. ఆనాటి సామాన్య పద్ధతిలో చెడిన కటకమును తీసివేయుటయే గాని దానికి బదులు మరియొకటి కంటిలో అమర్చుట లేకుండెను. దళసరి కళ్లజోడు పెట్టుకొన్ననే రోగికి లోకము స్పష్టముగా కనబడును. జోడు పగిలినచో ఆ ముసలివాడు మరల గోడ తడుముకొనవలసినదే. నివేదికలో మాత్రము అతడు చూపు వచ్చినవారి పట్టికలోనే యుండును. శిబిరమునాడు ఎన్ని శస్త్రచికిత్సలు జరిగెనో వ్రాయుట సులభము. ఆరు నెలల పిదప వారిలో ఎందరు బియ్యములోని రాళ్లను తామే ఏరుకొనుచున్నారో చూచి వ్రాయుట కష్టము. మొదటిది శస్త్రచికిత్సల లెక్క. రెండవది చూపు లెక్క.

తాత్కాలిక స్థలములలో శస్త్రచికిత్స చేసిన కంటికి చీము పట్టు ప్రమాదమును గుర్తించి, ఊరిలో పరీక్ష మాత్రము జరిపి రోగులను ఆసుపత్రికి కొనిపోవు పద్ధతి తరువాత వచ్చెను. కంటిలో కృత్రిమ కటకము నమర్చుటయు సాధారణమయ్యెను. ఈ మార్పుతో క్లబ్బు సభ్యునికి వేదిక తగ్గినది, బాధ్యత పెరిగినది. బండి కుదుర్చుట, ఒంటరి వృద్ధురాలికి తోడు పంపుట, చుక్కల మందు వేళకు వేయుచున్నారో లేదో కనుగొనుట, మరల పరీక్షకు పిలుచుకొని వచ్చుట ఇప్పటి పనులు. వీటికి సభ లేదు, పూలదండ లేదు. ఈ పనులను విడువక చేయు క్లబ్బు పేరు కోరినను కోరకున్నను సేవ చేయుచున్నదనియే చెప్పవలెను.

ఎవరి పంచాంగము?

రక్తదానము సేవలలో ప్రత్యేకమైనది. ఇచ్చినవానికి పుచ్చుకొన్నవాడెవడో తెలియదు; పుచ్చుకొన్నవానికి ఇచ్చినవాని కులముగాని మతముగాని తెలియదు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ననుసరించి 1998 జనవరి 1 నుండి రక్తము అమ్ముకొనుట ఈ దేశములో నిషేధింపబడెను. అప్పటినుండి స్వచ్ఛంద దాతల అవసరము మిక్కిలి పెరిగినది. క్లబ్బులు ఆ భారమును కొంత మోసినవి.

కాని ఇందును ఒక పరీక్ష కలదు. ఎర్రకణములను సాధారణముగా 35 మొదలు 42 దినముల వరకే నిలువయుంచగలరు. ప్లేట్‌లెట్లు అయిదారు దినములకంటె నిలువవు. నాయకుని జన్మదినమున ఒక్కమారుగా నిలువకు మించిన రక్తము సేకరించి, కళాశాలలు మూతబడిన నడివేసవిలో ఒక్క దాతయు దొరకనిచో ఆ శిబిరము ఎవరి పంచాంగమును చూచి జరిగినట్లు? దాత పంచాంగమును చూచి జరిగినది. ప్రసవమున రక్తము పోయిన తల్లికి, తలసీమియాతో మాటిమాటికి రక్తము ఎక్కించుకొను పసివానికి వేరొక పంచాంగము కలదు. ఆ పంచాంగమును తెలిసికొని, రక్తనిధివారిని అడిగి, సంవత్సరము పొడుగునను కొద్దికొద్దిగా దాతలను పంపుచుండు క్లబ్బు పేరు పత్రికలో తక్కువగా కనబడవచ్చును. ప్రాణములు నిలుచుట మాత్రము దానివలననే.

పోలియో నేర్పిన పాఠము

సేవాసంఘముల చరిత్రలో పోలియో నిర్మూలనకు మించిన దీర్ఘవ్రతము మరియొకటి లేదనవచ్చును. 1979లో ఫిలిప్పీన్స్ దేశపు పిల్లలకు చుక్కలమందు వేయించుటతో రోటరీ ఈ పనిలో దిగెను. 1985లో ప్రపంచమంతటికి ఆ పూనికను విస్తరించెను. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ మొదలగు సంస్థలతో కలిసి నిర్మూలనోద్యమము ప్రారంభమగునప్పటికి 125 దేశములలో ఏటేట సుమారు 3,50,000 మందికి ఆ వ్యాధి వలన అవయవములు చచ్చుబడుచున్నట్లు అంచనా.

భారతదేశములో 1995 నుండి జరిగిన పల్స్ పోలియో ఆదివారములు తెలుగు తల్లులకు తెలియనివి కావు. బడి అరుగుమీదను, బస్సుస్టాండులోను బల్లలు వేసికొని కూర్చున్నవారు, చంటిబిడ్డ చిటికెనవ్రేలికి సిరా గుర్తు పెట్టినవారు, మరునాడు ఇంటింటికి తిరిగి తలుపుపై సుద్దతో గుర్తు వ్రాసినవారు లక్షలమంది. ఆ జయము ఏ క్లబ్బు ఒక్కదానిదియు కాదు. ప్రభుత్వము, నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, క్లబ్బు సభ్యులు కలిసి సాధించిన జయమది.

ఉత్తరప్రదేశ్, బీహారు రాష్ట్రములలో పని చిరకాలము చిక్కుబడి యుండెను. పిల్లవానికి పదేపదే చుక్కలు వేయ వచ్చినవారిని కొందరు తల్లిదండ్రులు నిలదీసిరి. మా వీధిలో మురుగు పారుచున్నది, త్రాగునీరు లేదు, బిడ్డకు విరేచనములైనప్పుడు చూచువారు లేరు. ఈ రెండు చుక్కల కొరకు మాత్రము మీరింత శ్రద్ధగా వచ్చెదరేలయని వారి ప్రశ్న. ఈ ప్రశ్నను అజ్ఞానమని కొట్టివేయుట సులభము. కాని అందు న్యాయము కలదు. మురికినీరును విరేచనములును ఉన్నచోట చుక్కలమందు సరిగా పనిచేయదని శాస్త్రజ్ఞులును గ్రహించిరి. తుదకు ఆ రెండు రాష్ట్రములలో కడు కష్టమైన 107 బ్లాకులను ఎంచుకొని, చుక్కలమందుతోపాటు పారిశుద్ధ్యము, చనుబాల ప్రాశస్త్యము, విరేచనముల చికిత్స మొదలగు వాటిని చేర్చిరి. 2009లో దేశమున 741 మందికి వచ్చిన పోలియో 2010లో 42 మందికి తగ్గెను. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో కనబడినదే చివరిది. 2014 మార్చి 27న ఈ దేశముతో కూడిన ఆగ్నేయాసియా ప్రాంతము పోలియో రహితమని ధ్రువీకరింపబడెను.

ఇందలి పాఠము రెండు విధములు. ఒకటి, లెక్క సున్న అగువరకు పని విడువకుండుట. రెండు, పుచ్చుకొనువాడు ప్రశ్నించునప్పుడు కోపగింపక వినుట. దాతకు తెలియనిది పుచ్చుకొనువానికి తెలిసి యుండును. అతని నోరు మూయించి చేసిన సేవ సగమునకే ఆగును.

దానము, దాసోహము

ఈ విచారము శరణుల మార్గమున నడచువారికి క్రొత్తది కాదు. దానమను మాటలో ఇచ్చువాని చేయి పైని, పుచ్చుకొనువాని చేయి క్రిందను ఉండును. దాసోహమను మాటలో నేను దాసుడనను భావము కలదు. ఇచ్చువాడే వంగి యుండును. పన్నెండవ శతాబ్దమందలి ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యము నేరి తెచ్చి దాసోహము జరుపుచుండెడివాడు. ఒకనాడు అతడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ ఆ అధికమును మరల అక్కడనే పోసి రమ్మని పంపెనని పెద్దలు చెప్పుదురు. ఎక్కువ తెచ్చి ఎక్కువమందికి పెట్టిన తప్పేమని భర్త అనుకొని యుండవచ్చును. దాసోహములో ఆశ చొరబడినచో అది మరియొక సంపాదన యగునని ఆ ఇల్లాలు గ్రహించెను. నేటి క్లబ్బు భాషలో చెప్పవలెనన్న, ఆమె నివేదికలోని అంకెను తగ్గించి, పనిలోని సత్యమును కాపాడెను.

తుమకూరు సమీపమున సిద్ధగంగా మఠములో శ్రీ శివకుమార స్వామివారు అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమును కులమతభేదము లేక వేలాది బాలురకు దశాబ్దముల తరబడి నడిపి 2019లో లింగైక్యులైరి. ఆ పంక్తిలో కూర్చున్న బాలుడు బిచ్చగాడు కాడు, విద్యార్థి. చదివి వెళ్లినవాడు మరల ఇచ్చువాడగును. పుచ్చుకొన్నవాడు ఒకనాటికి ఇచ్చువాడగుట సేవకు ఉత్తమఫలము.

అయినను మార్గము గొప్పదైనంత మాత్రమున నడచువారు గొప్పవారు కారు. 1978లో కాలిఫోర్నియాలోని డ్వార్టే పట్టణపు రోటరీ క్లబ్బు స్త్రీలను చేర్చుకొన్నందులకు అంతర్జాతీయ సంస్థ ఆ క్లబ్బును వెలివేసెను. 1987లో అమెరికా సుప్రీంకోర్టు స్త్రీల పక్షమున తీర్పు చెప్పిన పిదప, 1989లో రోటరీ తన నియమమును మార్చుకొనెను. సేవ చేయుదుమనువారు సహోదరిని సమముగా కూర్చుండబెట్టుటకు న్యాయస్థానము చెప్పవలసి వచ్చెను. అక్క మహాదేవి, మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య మొదలగువారు ఒక్క అనుభవమంటపమున కూర్చుండిరని చెప్పుకొనువారు దీనిని విని గర్వింపవచ్చును. కాని తమ ఊరి సేవాసమితి కార్యవర్గములో స్త్రీలెందరు, చాకలివారెందరు, మాలమాదిగలెందరు అని లెక్కించుకొన్న పిదపనే గర్వింపవలెను. వడ్డించుటకు పిలిచి, ఆలోచించుటకు పిలువకుండుట సమత్వము కాదు.

గృహస్థులును మఠములును చేయదగినది

క్లబ్బులలో చేరిన గృహస్థులు ఆ క్లబ్బులను విడువ నక్కరలేదు. స్నేహము తప్పు కాదు. మేలు చేసినవాని పేరు తెలియుటయు తప్పు కాదు. పేరుపలక యుండిన ఫిర్యాదు ఎవరికి చేయవలెనో ప్రజలకు తెలియును. అది పలకకు తగిన ఉపయోగము. చేయదగినవి కొన్ని సులభములే. సభ్యుల విందుకెంత, సేవకెంత అను రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి సంవత్సరాంతమున బహిరంగముగా చదువవలెను. బిజ్జలుని భండారమును జంగములకు పంచిపెట్టుచున్నాడని నింద వచ్చినప్పుడు బసవేశ్వరుడు కోపింపక, రాజు ఎదుట ధనము లెక్కింపజేసెననియు, అందు కొరత కనబడలేదనియు పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పుచున్నది. లెక్క చూపుట అవమానము కాదు, ధర్మము.

దుప్పటి పుచ్చుకొను వృద్ధుని ముఖమును పత్రికకెక్కించుటకు ముందు అతని యనుమతి అడుగవలెను. తన మనుమడు ఆ చిత్రమును చూచునని అతడు సంకోచించినచో దుప్పటి ఇచ్చి చిత్రము మానవలెను. ధనముకంటె ముందు కాయకమును ఇయ్యవలెను. వైద్యుడు వైద్యమును, తాపీమేస్త్రీ తాపీపనిని, ఉపాధ్యాయుడు చదువును, దర్జీ కుట్టుపనిని ఇచ్చినచో బీదవాడును దాతల వరుసలో నిలుచును. మఠములు తమ సేవాకార్యము జరిగిన యూరికి ఒక యేడు తరువాత మరల మనిషిని పంపి, చేసినది నిలిచినదా, చెడినదా యని విచారించి, చెడినదానిని చెడినదనియే వ్రాయవలెను.

సేవ యెవనిదో, భావమెట్టిదో తేల్చుట మానవుని వశము కాదు. దానిని శివునికి విడువవచ్చును. పని ఎక్కడ ఆగినదో చూచుట మానవుని వశమే. దండలు వాడిన మరునాడు ఆ చోటికి తిరిగి వెళ్లి, నిన్న పుచ్చుకొన్నవానిని ఇంకేమి కొరత యని అడిగి, అతడు చెప్పినది వినుచున్నంతవరకు సేవ జీవించియుండును.